పిల్లి మనల్ని ఎందుకు నాకుతుంది?

సాయంత్రం పూట మీరు కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఇంట్లో పిల్లి మెల్లగా వచ్చి మీ ఒళ్లో చేరుతుంది. కాసేపు గురగురలాడి, మీ మణికట్టును నాకడం మొదలుపెడుతుంది. కుక్క నాకితే తడిగా, మెత్తగా ఉంటుంది. పిల్లి నాకితే గరుకు కాగితంతో రుద్దినట్టు ఉంటుంది. రెండు నిమిషాలు ఓర్చుకుని చెయ్యి వెనక్కి తీసుకుంటారు. అది మీ వంక ఒకసారి చూసి, అదే పని తన ముందు కాలి మీద కొనసాగిస్తుంది.

ఇది ప్రేమా? చెమటలోని ఉప్పు కోసమా? లేక మిమ్మల్ని కూడా శుభ్రం చేయాల్సిన మరో పిల్లి అనుకుంటోందా? పిల్లిని పెంచే ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్నే ఇది.

నా విషయంలో ఈ ప్రశ్న కాస్త కటువుగానే ఎదురైంది. 1989లో, నేను మూడో తరగతి చదువుతుండగా, సైకిల్ మీంచి పడి మోకాలు చెక్కుకుపోయింది. అరుగు మీద కూర్చుని ఏడుస్తుంటే మా ఇంటి పిల్లి వచ్చి ఆ దెబ్బను నాకింది. అమ్మమ్మ చూసి మురిసిపోయింది. "మూగజీవమైనా నీ బాధ కనిపెట్టింది చూశావా!" అంది. నాన్నగారు చూసి హడలిపోయారు. ఆ రాత్రే పిల్లిని గోనెసంచిలో వేసి, కాలవ అవతల వదిలేసి రమ్మని పాలేరును పంపారు. మర్నాడు పొద్దున్నే నన్ను ఆస్పత్రికి తీసుకువెళ్లారు.

నాకింది ఒక్కసారే. అమ్మమ్మకు అందులో ప్రేమ కనిపించింది, నాన్నగారికి ప్రమాదం కనిపించింది. ఇద్దరిలో ఎవరు చెప్పింది నిజం? ఆ సంగతి తేలాలంటే పిల్లి చరిత్రను మొదటి నుంచీ చూసుకుంటూ రావాలి.

పేరులోనే ఉంది

మన పూర్వులకు ఈ నాకుడు సంగతి బాగా తెలుసు. సంస్కృతంలో పిల్లికి ఉన్న పేర్లలో 'ఆఖుభుక్కు' ఒకటి. ఆఖువు అంటే ఎలుక, ఎలుకను తినేది అని అర్థం. మరో పేరు 'మార్జారం'. తెలుగులో అదే మార్జాలమైంది. ఈ మాట శుభ్రపరచడం అనే అర్థమున్న 'మృజ్' ధాతువు నుంచి వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. మార్జనం అన్నా, చీపురుకు పేరైన సమ్మార్జని అన్నా ఆ ధాతువు నుంచి పుట్టినవే. అంటే మార్జాలం అంటే తనను తాను తుడుచుకునే జంతువన్నమాట. పూర్వులు ఒక పేరు దాని తిండిని బట్టి, మరొక పేరు దాని నాలుకను బట్టి పెట్టారు.

అయితే అది తన ఒంటిని తాను నాక్కోవడం. మన చెయ్యి నాకడం ఎక్కడి నుంచి వచ్చింది? పిల్లి పూర్వీకుల జీవితం చూస్తే ఈ ప్రశ్న మరింత జటిలమవుతుంది.

అడవి నుంచి గాదె దాకా

కుక్క పూర్వీకులైన తోడేళ్లు గుంపులుగా బతుకుతాయి. ఒకదాని మూతి ఒకటి నాకడం వాటికి పరిపాటి. పిల్లి సంగతి వేరు. దాని పూర్వీకుడైన అడవి పిల్లి ఒంటరి వేటగాడు. ఒక్కో పిల్లి తన మేర తాను చూసుకుంటుంది. జత కట్టే రోజులు తప్పిస్తే, ఎదిగిన పిల్లికి మరో పిల్లితో పని లేదు. అలాంటి జంతువుకు మరొకరిని నాకే అలవాటు ఎలా వచ్చింది?

2007లో కార్లోస్ డ్రిస్కల్, ఆయన సహచరులు 979 పిల్లుల జన్యువులను పోల్చి చూశారు. వాటిలో పెంపుడు పిల్లులూ ఉన్నాయి, వేర్వేరు ప్రాంతాల అడవి పిల్లులూ ఉన్నాయి. ప్రపంచంలోని పెంపుడు పిల్లులన్నీ ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల్లో తిరిగే 'లిబికా' అనే అడవి పిల్లి సంతతి అని తేలింది. రాజస్థాన్, గుజరాత్ ఎడారుల్లో మచ్చల అడవి పిల్లి ఒకటుంది. మన ఇళ్లలోని పిల్లులు దాని సంతానం కావు. అంటే మన పిల్లి ఎప్పుడో పడమటి నుంచి వచ్చిన అతిథి.

పశ్చిమాసియాలో సుమారు 10 వేల ఏళ్ల కిందట మనుషులు గోధుమ, బార్లీ పండించి నిల్వ చేయడం నేర్చుకున్నారు. గాదె ఉన్నచోటికి ఎలుక వచ్చింది, ఎలుక వెనకే పిల్లి వచ్చింది. గొర్రెనో ఎద్దునో తెచ్చి కట్టేసినట్టు పిల్లిని ఎవరూ తెచ్చి కట్టేయలేదు. మనిషిని చూసి మరీ ఎక్కువగా బెదరని పిల్లులకు గాదె దగ్గర కడుపు నిండింది. వాటి పిల్లలు అక్కడే పెరిగాయి.

సైప్రస్ దీవిలోని షిల్లూరోకాంబోస్ అనే చోట ఫ్రెంచి పురాతత్త్వ శాస్త్రజ్ఞులు 9,500 ఏళ్ల నాటి సమాధిని తవ్వి తీశారు. ఆ వివరాలు 2004లో వెలువడ్డాయి. సమాధిలో ఒక మనిషి అస్థిపంజరం, దానికి 40 సెంటీమీటర్ల దూరంలో సుమారు 8 నెలల పిల్లి అస్థిపంజరం ఉన్నాయి. ఆ దీవిలో సహజంగా పుట్టిన పిల్లులు లేవు. ఎవరో పడవ మీద తెచ్చుకుని ఉండాలి. అది పూర్తిగా మచ్చికైన పిల్లి అని చెప్పలేం. కానీ మనిషి పక్కన దానికి చోటు దొరికింది. ఆ తర్వాత ఈజిప్టు వారి సమాధుల గోడల మీది బొమ్మల్లో పిల్లి ఇంటి యజమానురాలి కుర్చీ కింద కూర్చుని కనిపిస్తుంది.

పాత ఎముకల జన్యువులపై 2025లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, పెంపుడు పిల్లి ఐరోపా చేరింది సుమారు 2,000 ఏళ్ల కిందటే, అదీ ఉత్తర ఆఫ్రికా నుంచి. కాబట్టి పిల్లి మొదట ఏ గడప దగ్గర మచ్చికైంది అన్న వాదన ఇంకా ముగియలేదు.

మన ఉపఖండంలో కూడా పిల్లి గుర్తులు పాతవే. సింధు నాగరికత నాటి చన్హుదారో పట్టణంలో దొరికిన ఒక ఇటుక మీద పిల్లి అడుగు, దాని వెంబడే కుక్క అడుగు పడి ఉన్నాయి. ఇటుక పచ్చిగా ఉన్నప్పుడు కుక్క పిల్లిని తరిమినట్టుంది! అది ఇంటి పిల్లో అడవి పిల్లో ఆ అడుగు చెప్పదు. 7వ శతాబ్దానికి వచ్చేసరికి మహాబలిపురం శిల్పి చెక్కిన పిల్లి ఒంటికాలి మీద తపస్సు చేస్తుంటే, చుట్టూ ఎలుకలు చేరి ఉంటాయి. అప్పటికి పిల్లి బుద్ధులు మన వాళ్లకు బాగా తెలిసిపోయాయి.

నాలుక మీద దువ్వెన

ఇక నాలుక సంగతి చూద్దాం. పిల్లి నాలుక గరుకుగా ఉండటానికి కారణం దాని మీదున్న సన్నటి ముళ్లు. ఇవి మన గోళ్లలో ఉండే కెరటిన్ అనే పదార్థంతోనే తయారవుతాయి. కొనలు గొంతు వైపు వంగి ఉంటాయి. ఇవి గట్టి శంకువుల్లాంటివని చాలాకాలం అనుకున్నారు.

అమెరికాలోని జార్జియా టెక్‌లో అలెక్సిస్ నోయెల్ అనే పరిశోధకురాలు తన పిల్లి దుప్పటిని నాకబోయి, నాలుక అందులో చిక్కుకుని అవస్థ పడటం చూసింది. దాంతో ఆమెకు ఆసక్తి కలిగింది. ఆమె, డేవిడ్ హు కలిసి ఇంటి పిల్లి నుంచి పులి, సింహం దాకా ఆరు జాతుల నాలుకలను స్కానింగ్ చేశారు. 2018లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం, ప్రతి ముల్లు కొనలోనూ చిన్న గాడి ఉంది. సిరా కలం పాళీ సిరాను పట్టి ఉంచినట్టు, ఆ గాడి నోట్లోని లాలాజలాన్ని పట్టి ఉంచుతుంది. పిల్లి నాక్కున్నప్పుడు ఆ తడి పై వెంట్రుకల దగ్గర ఆగకుండా చర్మం దాకా చేరుతుంది. పిల్లికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. అది చల్లబడటానికి అవసరమైన దానిలో నాలుగో వంతు దాకా ఈ తడి ఆరడం వల్లే దొరకవచ్చని వారు లెక్క కట్టారు.

చల్లదనం ఒక్కటే కాదు. 2000లో కాలిఫోర్నియాకు చెందిన ఎక్‌స్టైన్, హార్ట్ అనే శాస్త్రజ్ఞులు పిల్లుల దినచర్యను పరిశీలించారు. రోజులో సగం నిద్రకూ విశ్రాంతికీ పోగా, మిగిలిన కాలంలో సుమారు 8 శాతం నాక్కోవడానికే ఖర్చవుతోంది. కొన్ని పిల్లులకు మెడ చుట్టూ గరాటు వంటి పట్టీ కట్టి, నాక్కోకుండా చేసి చూశారు. మూడు వారాలకు వాటి ఒంటి మీద మిగతా పిల్లుల కంటే రెట్టింపు గోమార్లు చేరాయి. మార్జాలం అనే పేరు ఊరికే రాలేదు.

తల్లి నాలుక

ఒంటిని శుభ్రం చేసుకునే ఈ పనిముట్టు బంధుత్వానికి గుర్తుగా మారే మొదటి చోటు తల్లి ఒడి. పిల్లి కూనలు పుట్టేటప్పటికి కళ్లు తెరవవు, చెవులు వినవు. వాటికి తెలిసిన లోకమంతా వెచ్చదనం, వాసన, తల్లి నాలుక. పుట్టగానే తల్లి వాటి ఒంటి మీది పొరను నాకి తీసేస్తుంది. ఆ తాకిడికి ఊపిరి పుంజుకుంటుంది. మొదటి రెండు మూడు వారాలు కూనలు తమంతట తాము మూత్ర విసర్జన కూడా చేయలేవు. తల్లి పొట్ట కింద నాకితేనే ఆ పని జరుగుతుంది. తల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మనవాళ్లు అంటారు. ఏ ఇంటికి తిప్పినా ముందు చేసేది వాటిని నాకడమే.

ఈ విషయాన్ని శాస్త్ర దృష్టితో మొదట ఆలోచించినవారిలో చార్లెస్ డార్విన్ ఒకరు. 1872లో మనుషుల్లోనూ జంతువుల్లోనూ భావాల వ్యక్తీకరణపై ఆయన రాసిన పుస్తకంలో, కుక్క యజమాని చేతిని నాకడానికి మూలం తల్లి కుక్క పిల్లలను నాకి శుభ్రం చేయడంలోనే ఉండవచ్చని ఊహించారు. శుభ్రం చేసే పని, దానితోపాటు కలిగే మమకారం ఒకదానితో ఒకటి పెనవేసుకున్నాయి. కాలక్రమాన పని అవసరం లేని చోట కూడా మమకారం ఆ పనినే వాడుకుంది. పిల్లులు కూడా తృప్తిగా ఉన్నప్పుడు ముందు కాళ్లతో మెత్తటి దుప్పటిని పిసుకుతాయి. పాలు తాగే వయసులో తల్లి పొదుగును అలాగే నొక్కేవని ఆయన గమనించారు.

పెంపుడు పిల్లుల్లో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అడవి పిల్లి కూన కొన్ని నెలలకు తల్లిని విడిచి వెళ్లిపోతుంది. దానితో ఈ ముచ్చట్లన్నీ ముగుస్తాయి. ఇంటి పిల్లికి అలా విడిచి వెళ్లే రోజు రాదు. తిండి పెట్టే చెయ్యి, వెచ్చటి ఒడి జీవితాంతం ఉంటాయి. అందువల్ల కూనతనపు అలవాట్లు కొన్ని పెద్దయినా మిగిలిపోతాయని పిల్లుల ప్రవర్తనను పరిశీలించినవారు అంటారు.

పిల్లుల సంఘం

పిల్లి ఎప్పటికీ ఒంటరిదేనన్న నమ్మకం 1970ల దాకా బలంగా ఉండేది. 1978లో డేవిడ్ మెక్‌డొనాల్డ్, పీటర్ యాప్స్ ఇంగ్లండులో ఒక పొలం దగ్గర బతికే పిల్లులను పరిశీలించి తమ నివేదిక వెలువరించారు. తిండి దండిగా దొరికే చోట పిల్లులు గుంపుగా ఉండగలవనీ, ఆ గుంపుకు ఆడ పిల్లులే కేంద్రమనీ తేలింది. తల్లులు, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు కలిసి ఉంటూ ఒకదాని పిల్లలకు మరొకటి పాలివ్వడం కూడా కనిపించింది. గాదె దగ్గర 10 వేల ఏళ్ల కిందట మొదలైన కథ ఇదే అయి ఉండవచ్చు. తిండి ఒకచోట కుప్పగా దొరికినప్పుడు, ఒంటరి జంతువు కాపురం నేర్చుకుంది. ఆ కాపురానికి కావలసిన మర్యాదలను తల్లీ పిల్లల మధ్య ఉన్న అలవాట్ల నుంచే తెచ్చుకుంది.

అమెరికాలో కర్టిస్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో, ఎదిగిన పిల్లులు ఏ పిల్లులను ఎక్కువగా నాకుతున్నాయో లెక్కించారు. అంతే కాలం కలిసి బతికినా, పరాయి పిల్లుల కంటే రక్త సంబంధం ఉన్నవాటినే ఎక్కువగా నాకుతున్నాయని తేలింది. పరిచయం పెరిగిన కొద్దీ నాకడం కూడా పెరిగింది. కాబట్టి మీ పిల్లి మీ చేతిని నాకడం అంటే మిమ్మల్ని 'మనవాళ్ల' జాబితాలో చేర్చుకుందని అర్థం చేసుకోవచ్చు.

ఇక్కడితో ఆగితే కథ మరీ తియ్యగా ఉంటుంది. 1998లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ డెన్ బాస్ ఒక పిల్లుల గుంపులో 83 నాకుడు సందర్భాలను నమోదు చేశారు. నాకడం ఎక్కువగా తల, మెడ భాగాల్లోనే జరిగింది. పెత్తనం ఉన్న పిల్లులు కింది పిల్లులను నాకడమే ఎక్కువ. పైగా నాకిన పిల్లే తరచూ కయ్యానికి కాలు దువ్వింది! ఒకేచోట ఇరుకుగా ఉండే జంతువులు కొట్లాట పెట్టుకోకుండా కోపాన్ని ఇలా తీర్చుకుంటాయేమో అని ఆయన అభిప్రాయపడ్డారు. నాకుతూ నాకుతూ మీ పిల్లి హఠాత్తుగా చేతిని కొరికిందా? అయితే ఈ మాట గుర్తు చేసుకోండి. మన ఇళ్లలో పెద్దలు ప్రేమగా తల నిమురుతూనే చెవి మెలిపెట్టరూ!

మరి ఉప్పు మాటేమిటి? చేతి మీద ఏదైనా రుచి తగిలితే పిల్లి నాకక మానదు. కానీ పిల్లికి తీపి తెలియదు. తీపిని గుర్తించే జన్యువుల్లో ఒకటి పిల్లి జాతిలో చెడిపోయిందని 2005లో కనుగొన్నారు. కాబట్టి లడ్డూ తిన్న చేతిని నాకితే అది నెయ్యి కోసమని తెలుసుకోవాలి. భోజనం చేయని చేతిని, మీ జుట్టును, నుదుటిని కూడా నాకుతుంటే రుచి ఒక్కటే దానికి కారణం కాదు. 2019లో అమెరికాలో క్రిస్టిన్ విటాలి బృందం పిల్లి కూనలను యజమానికి కాసేపు దూరం చేసి, మళ్లీ కలిపి చూసింది. వాటిలో సుమారు 64 శాతం, యజమాని రాగానే కుదుటపడి తిరిగి ఆటలో పడ్డాయి. పసిపిల్లలు తల్లి దగ్గర చేసేది ఇదే.

లాలాజలం మరో ముఖం

ఇప్పుడు నాన్నగారి వైపు కూడా చూడాలి. ఆయన భయం అకారణం కాదు. రేబిస్ క్రిములు లాలాజలంలోనే ఉంటాయి. మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కుక్కల వల్లే వచ్చినా, జబ్బుపడిన పిల్లి వల్ల కూడా రావచ్చు. లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం.

1885లో లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా ఇచ్చారు. 1900లో కసౌలీలో, 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థలు వెలిశాయి. 1911లో డేవిడ్ సెంపుల్ కసౌలీలో గొర్రె మెదడు నుంచి టీకా తయారు చేసే పద్ధతి రూపొందించారు. మన పెద్దలు భయపడుతూ చెప్పే 'బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు' ఈ టీకావే. లక్షల ప్రాణాలు కాపాడినా, అందులోని మెదడు పదార్థం వల్ల అరుదుగా కొందరికి పక్షవాతం వంటి ఇబ్బందులు వచ్చేవి. 2004 చివరికి మన దేశంలో దాని తయారీ ఆగిపోయింది. ఇప్పుడు భుజానికి వేసే కొద్ది మోతాదుల టీకాతో సరిపోతుంది.

1989లో నేను తిన్నవి ఆ 14. మొదటి రోజు డాక్టరు గారు అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. "పిల్లి ఏది?" నాన్నగారు "వదిలేశామండీ" అన్నారు. "అయ్యో, ఎంత పని చేశారు! పది రోజులు కట్టేసి ఉంచితే తెలిసిపోయేదిగా" అన్నారాయన. రేబిస్ క్రిములు లాలాజలంలోకి వచ్చాక కుక్క గానీ పిల్లి గానీ పది రోజులకు మించి ఆరోగ్యంగా ఉండలేదు. పది రోజుల తర్వాత కూడా అది నిక్షేపంగా తిరుగుతుంటే, అప్పటికే మొదలుపెట్టిన ఇంజెక్షన్లను ఆపేయవచ్చు. ఆ సాక్ష్యాన్ని మేమే గోనెసంచిలో కట్టి కాలవ దాటించాం. భయం వల్ల పిల్లికి ఇల్లు పోయింది. నాకు ఇంజెక్షన్లూ తప్పలేదు.

కాబట్టి ఈ విషయం గుర్తుంచుకోండి. గాయం లేని చర్మాన్ని పిల్లి నాకితే రేబిస్ భయం లేదు, కడుక్కుంటే చాలు. చెక్కుకుపోయిన చోటునో, పుండునో, కంటినో, పెదవినో నాకితే మాత్రం దాన్ని కాటుతో సమానంగా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గాయమైతే సబ్బు పెట్టి, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. కన్నో నోరో అయితే మంచినీటితో బాగా కడగాలి. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పిల్లిని తరమకుండా కనిపెట్టి ఉండాలి. దానికి ఏటా టీకా వేయిస్తే సగం బెంగ తీరుతుంది. పిల్లి నాకితే పుండు మానుతుందన్న మాట నమ్మకండి. దాని నోట్లో సహజంగా ఉండే కొన్ని సూక్ష్మజీవులు పుండును చీము పట్టించగలవు. పిల్లి దగ్గరుంటే తుమ్ములు వచ్చేవారికి కూడా ముఖ్య కారణం లాలాజలంలోని ఒక ప్రొటీనే. నాక్కున్నప్పుడు అది బొచ్చుకు అంటుకుని, ఆరిపోయి గాలిలో కలుస్తుంది.

మనం దాని తల్లా, పిల్లా?

మన వేదాంతంలో మార్జాల కిశోర న్యాయం అని ఒకటుంది. కోతి పిల్ల తల్లిని తానే పట్టుకుంటుంది. పిల్లి కూన ఏమీ చేయదు, తల్లే దాన్ని నోట కరచుకుని మోస్తుంది. భక్తుడికీ భగవంతుడికీ చెప్పిన ఈ పోలికను మన ఇంటి పిల్లికి అన్వయిస్తే చిక్కు వస్తుంది. అన్నం పెట్టేటప్పుడు మనం దానికి తల్లి. మన చెయ్యి పట్టి నాకేటప్పుడు అదే తల్లి, మనం ఒళ్లు సరిగా నాక్కోవడం రాని పెద్ద కూన!

అమ్మమ్మ అన్నదాంట్లో సగం నిజముంది. పిల్లికి నా బాధ తెలిసి ఉండకపోవచ్చు, రక్తం వాసనే దాన్ని పిలిచి ఉండవచ్చు. కానీ తనవాళ్లు కానివారి దగ్గరికి పిల్లి అలా రాదు. నాన్నగారి భయంలోనూ సగం నిజముంది. ఆ రెండు సగాలూ మా ఇంట్లో ఒకరికొకరు చెప్పుకుని ఉంటే, మోకాలు కడిగి, టీకా మొదలుపెట్టి, పిల్లిని పది రోజులు వరండాలో కట్టేసేవాళ్లం. మా పిల్లి ఇంట్లోనే ఉండేది.

ఈసారి మీ పిల్లి వచ్చి చెయ్యి నాకినప్పుడు, ముందు మీ చేతి మీద గీతలు, గాయాలు ఏమైనా ఉన్నాయేమో చూసుకోండి. లేకపోతే ఆ గరుకును కాసేపు ఓర్చుకోండి. ఎవరితోనూ పని లేని ఒక అడవి జంతువు, తన పిల్లల కోసం దాచుకున్న మర్యాదను మీకు చేస్తోంది.